నిమ్మచెక్క రుద్దని ముక్క

చలపతిరావు గారికి లోహమంటే పిచ్చి, దాన్ని కొనాలంటే ప్రాణసంకటం. అమీర్‌పేటలో అద్దె వాటా, వెనక వరండాలో లోహం తిప్పి చెక్కే పాత చిన్న లేతు మిషను. చేసేది గుమాస్తా ఉద్యోగం, కోరికలు మాత్రం కార్ఖానావాళ్ళవి. కొత్త కడ్డీలు కొనే స్తోమత లేక తుక్కు దుకాణాల్లో ముక్కలు ఏరుకొచ్చేవారు. ఇనుము మంచం కింద, ఇత్తడి బియ్యం డబ్బా వెనక, అల్యూమినియం అటక మీద. భార్య వసుమతి గారు కూర్చోవడానికి చోటు వెతుక్కునేవారు.

తెల్లటి తేలిక ముక్క ఏది దొరికినా నిమ్మచెక్క రుద్ది చూడటం ఆయన పద్ధతి. అల్యూమినియమైతే ఊరుకుంటుంది, మెగ్నీషియమైతే బుసబుసా పొంగుతుంది. మెగ్నీషియం చెక్కితే రాలే పొట్టుకు నిప్పంటుకుంటే ఇల్లు దక్కదు. 1984 వేసవిలో చవగ్గా ఒక గోనెసంచెడు ముక్కలు దొరికాయి. ఒకదానికి నిమ్మచెక్క రుద్ది, అది పొంగకపోయేసరికి మిగతావన్నీ దాని తోబుట్టువులే అనుకుని అటక ఎక్కించారు. నిమ్మకాయలు కూడా కొనాలి కదా, ఆయన పొదుపు అలాంటిది.

ఒక ఆదివారం పొద్దున లేతు మీద ఒక ముక్క తిప్పుతుంటే, కింద రేకులో పడిన పొట్టు భగ్గుమంది. చూడలేనంత తెల్లటి మంట. వసుమతి గారు బిందెతో నీళ్ళు తెస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. నీళ్ళు పడితే అది ఇంకా రేగుతుంది. పక్కన కడుతున్న ఇంటి దగ్గరి ఎండు ఇసుక తెచ్చి పోసి పోసి ఆర్పారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇదే సంచిలోని ముక్కతో నిన్ననే తోటి గుమాస్తా జహూర్‌కి ఒక పిడి చేసిచ్చారు. కిరసనాయిలు స్టవ్ వత్తులు పైకీ కిందికీ తిప్పే పిడి. బిగుతుగా ఉంటే ఆకురాయితో కాస్త రాసుకోమని సలహా కూడా ఇచ్చారు.

జహూర్ ఇల్లు పంజాగుట్టలో. ఇంట్లో భార్య ఖుర్షీదా, ఒక పసిపిల్ల. ఫోను లేదు, బస్సు రాలేదు. చలపతిరావు గారు పరుగెత్తారు. జీవితంలో అంత భయం ఎరగరు. దారిలో ఏ ఇంట్లోంచి పొగ కనిపించినా ఇంకా వేగం పెంచారు. ఆ పిల్ల ముఖం తప్ప మరేదీ తోచలేదు.

జహూర్ తలుపు తీశాడు. "అరె, రావు సాబ్, గిట్ల చెమటలు పట్టినయేంది? మీ పిడి ఇప్పుడే బిగించిన, మస్తుగ కూసుంది. జర రాసిన, అంతే."

లోపల స్టవ్ చుట్టూ, వత్తుల మీద కూడా, ఆకురాయికి రాలిన తెల్లటి పొడి మెరుస్తోంది. పక్కనే చాప మీద పిల్ల ఆడుకుంటోంది.

"కూసోండి భాయ్, చాయ్ పెడత," అంటూ ఖుర్షీదా అగ్గిపుల్ల గీయబోయింది.

ఆపమని చెప్పే వ్యవధి లేదు. ఎన్నాళ్ళుగానో ఆ ఇంటికి వస్తున్నా ఆమెతో తల ఎత్తి మాట్లాడని చలపతిరావు గారు, ఒక్క అంగలో వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా, పుల్ల కింద పడేదాకా. ఆ తర్వాత వదలడం కూడా చేతకాలేదు. కళ్ళు మాత్రం వత్తుల మీది పొడి మీదే ఉన్నాయి.

జహూర్ ఆ చేతిని చూశాడు. ఆయన ముఖం చూశాడు. వెంటనే వంగి పిల్లను ఎత్తుకుని స్టవ్‌కు దూరంగా జరిగాడు.