నీళ్లకు చెప్పిన పేరు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి వెళ్లి ప్లేటులో ఇంకాస్త కారప్పూస వేసుకొచ్చే రకం. బాతెల్ అనే ఊళ్లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తాను. రెండుసార్లు కొలిచి చూడనిదే దేన్నీ నమ్మను. అందుకే ఇది జరిగి రెండేళ్లయినా బయట ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు నన్ను నేనే వెక్కిరించుకోవాలి.

మొదట మా నాయనమ్మ సంగతి. అమ్మానాన్నల ఉద్యోగాల వల్ల నన్ను పెంచింది ఆవిడే. రేషన్ కార్డులోనూ, చుట్టాల నోళ్లలోనూ ఆవిడ సత్యవతి. కన్నతల్లి ఒక్కతే మాణిక్యం అని పిలిచేదట. పెళ్లయిన ఏడాదికే ఆ తల్లి పోయింది, ఆ పిలుపూ పోయింది.

నా పెళ్లి కుదిరిన రోజు నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు ఆడపిల్ల పుడితే మాణిక్యం అని పిలవరా. ఆ పిలుపు విని అరవై ఏళ్లయింది" అంది. సరేనని చేతిలో చెయ్యేసి ఒట్టు వేశాను. పిల్ల పుట్టేలోపే ఆవిడ వెళ్లిపోయింది.

పిల్ల పుట్టాక మా ఆవిడ వసుధ, వాళ్లమ్మ కలిసి నెల్లాళ్లు వాట్సాప్‌లో తర్జనభర్జన పడి అన్విక అని ఖాయం చేశారు. మాణిక్యం అన్న మాట నా గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. పిరికితనం, అంతే. ఇంకో కారణం లేదు.

బారసాల రోజు పంతులుగారు పళ్లెంలో బియ్యం మీద పేరు రాయించి, పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పమన్నారు. రెండుసార్లు అన్విక అన్నాను. మూడోసారి మాణిక్యం అన్నాను. అప్పటికి దానికి ఇరవై ఒక్క రోజులు. పైగా నిద్రపోతోంది.

ఆ తర్వాత ఆ మాట నేను ఎక్కడా అనలేదు, రాయలేదు. నాయనమ్మ ఫొటో ముందుకు వెళ్లాలంటేనే సిగ్గుగా ఉండేది.

అన్వికకు తొమ్మిదేళ్లు నిండిన అక్టోబర్‌లో ఒరెగాన్ కొండల్లో ఒక ఆదివాసుల ప్రాంతానికి వెళ్లాం. కొండలు వాళ్లవే, అక్కడి వేడినీటి ఊటా వాళ్లదే, దాని కింద కట్టిన కొలను చూసుకునేదీ వాళ్లే. తెల్లవారకముందే బయల్దేరి, దారంతా పులిహోర తింటూ, పాటలు పాడుకుంటూ ఆరు గంటలు డ్రైవ్ చేశాం. పొద్దున పది గంటలకి కొలను మీద ఆవిరి లేస్తోంది. ఉడికించిన కోడిగుడ్ల వాసన అని వసుధ ముక్కు మూసుకుంది.

అక్కడ తువ్వాళ్లు ఇస్తున్న పెద్దావిడకి డెబ్బై ఉంటాయేమో, తల మీద బేస్‌బాల్ టోపీ. మా పిల్ల దూకబోతుంటే ఆపింది. "ముందు నీ పేరు చెప్పి దిగు, బంగారం. వచ్చిందెవరో నీళ్లకి తెలియాలి కదా. మా అమ్మమ్మ మాకు అలాగే నేర్పింది" అంది ఇంగ్లీషులో. మా పిల్ల అన్విక అనగానే ఆవిడ తల అడ్డంగా ఊపింది. "స్కూల్లో రాసుకునే పేరు కాదు. మీ వాళ్లు నిన్ను పిలిచే పేరు."

ఇంట్లో దాన్ని అమ్ములు అంటాం. అదే చెబుతుందనుకున్నాను. అది గట్టు మీద గొంతుక్కూర్చుని, నీళ్ల మీదికి వంగి, స్పష్టంగా "మాణిక్యం" అంది. అని ఒక్క దూకు దూకింది.

నా చేతిలోని తువ్వాలు జారి నీళ్లలో పడింది.

"మాణిక్యం ఎవరే?" అంది వసుధ.

"నేనే! నాన్న చెప్పింది కదా, చెవిలో."

"నాన్న చెప్పారు అనాలి" అని అలవాటుగా దిద్దుతూనే వసుధ నా మొహం చూసి ఆగిపోయింది. ఎప్పుడు చెప్పారే అని మళ్లీ దాన్నే అడిగింది.

"ఐ డోంట్ నో అమ్మా. నాకు ఎప్పుడూ తెలుసు."

ఆ తువ్వాలు కోసం దిగి, పీకల దాకా వేడినీళ్లలో నిలబడి ఒట్టు దగ్గర్నుంచి బారసాల దాకా అంతా కక్కేశాను. ఇక అయిపోయానే అనుకున్నాను. వసుధ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "తొమ్మిదేళ్లు కడుపులో పెట్టుకుని తిరిగారా మహానుభావా! అడిగితే నేను కాదంటానా?"

అంతలో పిల్ల లోతు వైపు ఈదుకుంటూ పోతోంది. వసుధ గొంతెత్తి, "మాణిక్యం! అటు పోకు, ఇటు రా!" అని కేకేసింది. కొలనులో వాళ్లంతా తిరిగి చూశారు. నాకు సంతోషంతో ఏడుపు ఆగలేదు. నాయనమ్మ అడిగింది ఈ ఒక్క కేకే.

ఇంటికొచ్చాక బారసాల వీడియో నాలుగుసార్లు చూశాను. పిల్ల చెవికి నా తల అడ్డం. వినిపించేదల్లా వంటింట్లో మిక్సీ మోత, తన కాఫీలో పంచదార వద్దని ఎవరో ఆంటీ గోల. మాణిక్యం అన్న పేరు పిల్లకి ఎప్పుడైనా చెప్పారా అని మా నాన్నకి ఫోన్ చేసి అడిగాను. "మాణిక్యం ఎవర్రా? మా అమ్మ పేరు సత్యవతి కదా" అన్నారు. పసిగుడ్డు చెవిన పడ్డ ఒక్క మాట తొమ్మిదేళ్లు ఎక్కడ దాక్కుందో, ఆ కొలను గట్టు మీదే ఎందుకు బయటికొచ్చిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

ఇప్పటికీ అన్వికా అని పిలిస్తే నాలుగోసారికి గానీ పలకదు. మాణిక్యం అంటే మాత్రం మొదటి పిలుపుకే మేడ మీంచి పరిగెత్తుకొస్తుంది, అరవై ఏళ్లుగా ఆ పిలుపు కోసమే కాచుక్కూర్చున్నట్టు.