డోలు లేని ప్లేటు

ఆత్మకూర్ నుంచి కల్వకుర్తి దాకా ఏ మేళానికి డోలు కావాలన్నా నన్నే పిలిచేవాళ్లు. ఒకే వారంలో పెళ్లి, జాతర, బాగోతం అన్నీ కొట్టి, ఏ ఊళ్లో ఏ దేవుడికి కొట్టానో మరిచిపోయిన రోజులున్నాయి. నా పనంతా ఎడమచేతిది. ఎడమవైపు ఆ బరువైన దెబ్బ పడితేనే పాటగాడు ఊపిరి తీసుకుని తర్వాతి చరణం ఎత్తుకుంటాడు. జనం మాత్రం పాటగాడినే చూస్తారు. డోలు ఆగిపోతే తప్ప డోలువాడొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు.

నేను ఎక్కువగా కొట్టింది మా మేనత్త కొడుకు పాటకే. బావ గొంతు బంగారం, తాళం మాత్రం తాడు తెంచుకున్న దూడ. ఆరేళ్లు ఆ దూడను నా ఎడమచేత్తోనే కట్టేశాను.

గ్రామఫోను ప్లేటుకు పాడమని హైదరాబాదు నుంచి పిలుపు వచ్చినప్పుడు, "నువ్వు లేకుంటె నేను నోరు తెరువరా" అన్నాడు బావ. నమ్మి డోలుకు కొత్త తోలు వేయించాను. "నా చేతి మోత నీకు పెట్టెల వినిపిస్త" అని మా అవ్వకు మాటిచ్చాను.

తీరా అక్కడ మొదటి దెబ్బకే మిషను సూది ఎగిరింది. ప్లేటు తీసే సాబు నన్ను గోడ దగ్గరికి జరగమన్నాడు. అక్కడా ఎగిరింది. గుమ్మం దాకా జరిగాను. ఇంకొంచెం జరిగితే ఆత్మకూరే. చివరికి, డోలు లేకుండా పాడగలవా అని సాబు బావను అడిగాడు.

నేను బావ మొహం చూశాను.

"పాడుత సాబ్. డోలుదేముంది, ఉత్త చప్పుడు."

నా వైపు తిరగనైనా లేదు.

గుమ్మంలోనే కూర్చున్నాను. ఏడుపొస్తుందనుకున్నాను, దగ్గొచ్చింది. రెండో చరణానికి ముందు, సరిగ్గా నా దెబ్బ పడాల్సిన చోట, ఆపుకోలేక ఒక్కసారి దగ్గాను. ఇంకో మైనపు ప్లేటు ఖర్చెందుకనుకున్నాడేమో, సాబు ఆ దగ్గును అలాగే ఉంచేశాడు.

కొన్ని నెలలకు ఆ ప్లేటు కల్వకుర్తి హోటల్లో పెట్టారు. అవ్వను వెంటబెట్టుకుపోయాను. బావ అప్పటికే అక్కడ జనం మధ్యలో కూర్చున్నాడు. బావ పాట, వెనక ఎవరో తరుముతున్నట్టు పరుగెడుతోంది. వినేవాళ్లు తమకు తెలియకుండానే బల్లల మీద నా దెబ్బ వేస్తున్నారు. అంతలో దగ్గు వినిపించింది.

"ఎవడురా గా దగ్గినోడు? పాటంత ఖరాబు చేసిండు" అని అందరి ముందూ నవ్వాడు బావ. ఆ రోజు గుమ్మంలో ఎవరు కూర్చున్నారో ఆయనకు బాగా తెలుసు.

పాట అయిపోయింది. అవ్వ నా మోచెయ్యి గుంజింది.

"నీ డోలు ఎప్పుడొస్తదిరా?"

"వచ్చిపోయిందవ్వా. గా దగ్గే."