తాడులాగుడు నాణెం

ఒకప్పటి మా పక్కింటి అత్తయ్య పోయిందని పొద్దున్నే రాయ్‌పూర్ రైల్వే కాలనీ నుంచి ఫోన్ వచ్చింది. ఏడ్చాను. ఏడుస్తూనే, ఆవిడ అక్కడి పండరీ బట్టల బజార్లో కొంగు బిగించిన రోజు గుర్తొచ్చి నవ్వాను కూడా.

అత్తయ్యది శ్రీకాకుళం, రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఆటల పోటీలకు దేశదేశాలు వేసే వెండి నాణేలంటే ప్రాణం. మావయ్య పెళ్లిరోజుకి ఢిల్లీ ఏషియాడ్ నాణెం తెచ్చిచ్చారు, పిచ్చి అక్కడే పట్టుకుంది. "అంచట్టుకోయే, మొకం ముట్టీకు!" అని నాణెం తాకబోయిన నన్ను కసిరేది. ధన్‌తేరస్‌కి కాలనీ అంతా వెండి నాణేలకు పసుపూ కుంకుమా పూస్తుంటే, ఈవిడ మాత్రం దేవుడిక్కూడా డబ్బీ మూత తియ్యకుండా చూపించేది!

ఆవిడకు దొరకనిదల్లా ఏదో దేశం ఒలింపిక్స్‌కి వేసిన తాడులాగుడు బొమ్మ నాణెం. రైల్వే మహిళల పోటీల్లో తాడు చివర నిలబడేది తనే మరి. ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజుల్లో, అది పండరీలో ఓ బట్టల సేఠ్ దగ్గరుందని తెలిసింది. అత్తయ్యతో కలిపి కాలనీ ఆడవాళ్లం నలుగురం వెళ్లాం.

"అమ్మను దీదీ. మీ ఏషియాడ్ ఇస్తే మార్చుకుందాం" అన్నాడాయన హిందీలో.

మావయ్య అప్పటికే లేరు. వద్దని నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అత్తయ్య కళ్లు మాత్రం మెరిశాయి.

"చలో సేఠ్‌జీ, లాగి తేల్చుకుందాం! ఓడితే నాది మీకు. గెలిస్తే మీది నాకు!"

సేఠ్ పగలబడి నవ్వి, ఓ కాటన్ తాను విప్పించి మెలిపెట్టించాడు. అటు కొట్టు కుర్రాళ్లు నలుగురు, ఇటు మేం. బజారంతా మూగింది. మొదట మేమే జారాం. నా చెప్పు తెగింది. మావయ్య నాణెం పోయినట్టేనని ఏడుపొచ్చేసింది.

"నాగొద్దే గుంటా, నిలబడు! ఆళ్లని అలిసిపోనీ!" వెనక తాడు చివర్నుంచి అత్తయ్య కేక.

పళ్లు బిగించి నిలబడ్డాం. కుర్రాళ్లు రొప్పడం మొదలెట్టారు. "ఇప్పుడూ!" అంది అత్తయ్య. అంతే, ఒక్క లాగు లాగాం, కుర్రాళ్లు నలుగురూ వచ్చి మా మీద పడ్డారు! ఈలలే ఈలలు. సేఠ్ రెండు చేతులతో నాణెం అందించాడు.

ఆవిడ దాన్ని అంచులతో పట్టుకుని వెలుగుకేసి తిప్పింది. నేనూ తొంగిచూశాను. మనుషులు వెనక్కి వాలి లాగుతున్నారు. తాడు మాత్రం అంచుదాకా వెళ్లి ఆగిపోయింది.

"చివరి మనిషి లేడేంటి అత్తయ్యా?"

చెమట తుడుచుకుంటూ నవ్వింది. "నేకపోడవేటే? ఇక్కడే ఉన్నాను కదేటి!"