వాపు పోకముందే చెబుతున్న సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, మాది ఎల్లారెడ్డి. మా పాప రూతుకు నాలుగేళ్లప్పుడు జ్వరం పట్టుకుంది, మందు వేస్తే తగ్గడం, మానేస్తే మళ్లీ రావడం, మూత్రానికి పోయినప్పుడల్లా పిల్ల మంటతో ఏడవడం, ఆ ఎండాకాలమంతా మా కంటికి కునుకు లేదు! కామారెడ్డిలో స్కాన్ తీసి, ఎడమ కిడ్నీలో మూత్రం చేరే సంచి ఉబ్బిందన్నారు, మూత్రం దిగే దారిలో అడ్డుంటే ఆపరేషన్ చేయాలనీ, లేకుంటే కిడ్నీయే పాడవుతుందనీ చెప్పి హైదరాబాదుకు పంపారు. మా అత్తమ్మేమో, "నీళ్లతోనే ఉబ్బింది గద, పిల్లకు నీళ్లు తక్కువ తాపు" అని చెంబు దాచిపెట్టింది, పాపం, ప్రేమకొద్దీ!

బస్సులో పిల్లను ఒళ్లో వేసుకుని మొక్కుకున్నాను. "ప్రభువా, ఈ వాపు తీసెయ్యి, నా బిడ్డను కత్తికి అప్పజెప్పకు, వాపు పోయిన్నాడు సంఘంల నిలబడి నీ పేరు చెప్త."

అక్కడ పిల్లకు సూదిమందు ఇచ్చి, అది కిడ్నీలోంచి ఎలా దిగుతోందో యంత్రంలో చూశారు. "అడ్డేమీ లేదమ్మా, మూత్రం చక్కగా దిగుతోంది, కోయాల్సిన పని లేదు. నీళ్లు బాగా తాగించండి, మూత్రం ఆపుకోనివ్వకండి, జ్వరం వస్తే వెంటనే తీసుకురండి, ఏటా స్కాన్ చేయించండి" అన్నారు డాక్టరుగారు. దేవునికే స్తోత్రం! ఆ మాట విన్నాక మా అత్తమ్మే చెంబు పట్టుకుని పిల్ల వెంట తిరిగింది.

తర్వాత ఏటా స్కాన్‌కు పోతున్నాం, కిడ్నీ బాగా పనిచేస్తోంది, ఆ జ్వరం మళ్లీ రాలేదు, కానీ వాపు మాత్రం ఉన్నంతే ఉంది. నేనా, పట్టిన పట్టు విడవని మనిషిని! వాపు పోలేదు కదా, సాక్ష్యం ఎట్లా చెప్పను అని ఇన్నేళ్లూ సంఘంలో ఈ చాప మీదే కూర్చున్నాను. మొన్న స్కాన్ చూపించుకుని వచ్చి, మళ్లీ అంతే ఉందని మూతి ముడుచుకుంటే, ఇంకా ప్రభువును ఎరగని మా అత్తమ్మ కోపానికొచ్చింది. "బిడ్డ మంచిగున్నది గద, ఇంకేం గావాలె నీకు? మీ దేవునికి ఒక దండమన్న పెట్టవా?"

ఏడుపొచ్చింది, అక్కడే మోకాళ్లూనాను.

అందుకే నిలబడ్డాను. ప్రియులారా, మీరు అడిగినట్టే జరగలేదని ఆయనకివ్వాల్సిన స్తోత్రం ఇంట్లో దాచుకోకండి, ఆయన్ను నమ్మండి. వాపు అట్లాగే ఉంది. నా బిడ్డ నాకుంది. దేవునికే మహిమ!