ఊపిరి పీల్చే పెట్టె

ఏడో తరగతి అయిపోయిన ఎండాకాలంలో నా కాలు విరిగింది. బోధన్‌లో మా పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లి, ఖాళీ చెరకు బండి వెనక వేలాడబోయి జారిపడ్డాను. పిండికట్టుతో నిజామాబాద్‌లోని మా ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టారు. నెలన్నర మంచం దిగకూడదన్నారు.

బండి తోలింది పెద్దమ్మ కొడుకు, మా అన్న. తప్పు తనదే అనుకున్నట్టున్నాడు. వారం తిరక్కుండా బస్సెక్కి వచ్చి, తువ్వాలలో చుట్టిన తన వీడియో గేమ్ నా మంచం మీద పెట్టాడు.

"బడి తెరిసేదాక నీ దగ్గరనే ఉంచుకో చెల్లె," అన్నాడు. అది ఆయనకు ప్రాణమని నాకు తెలుసు.

మాది చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. అందులో కత్తి పట్టుకున్న బుడ్డ సిపాయి గుహల్లో పరుగెత్తుతూ, దారిలో కనిపించిన పెట్టెలు తెరుస్తాడు. ఒకదాంట్లో నాణేలు, ఇంకోదాంట్లో మందు సీసా. మొదటి రెండు గుహలూ సులువుగా దాటాను. మూడో గుహలో ఆశగా ఒక పెట్టె ముట్టుకోగానే దానికి పళ్లు మొలిచాయి. సిపాయిని కరకరా నమిలేసింది. ఇంకోటి ముట్టుకున్నా అదే గతి. ప్రాణాలు అయిపోతే ఆట మళ్లీ మొదటికి వచ్చేది. కరెంటు పోయినా మొదటికే. నాలుగు రోజులు అలా ఓడిపోయి, ఐదో రోజు రిమోట్ విసిరికొట్టి ఏడ్చాను.

మా అవ్వ, అంటే మా అమ్మ, పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను ఆడుతున్నంతసేపూ ఆమె తల ఎత్తినట్టే ఉండేది కాదు.

"గా రెండో పెట్టె ఉత్తుత్తది. అది ఊపిరి తీసుకుంటున్నది," అంది.

"పెట్టె ఊపిరెట్ల తీసుకుంటదే అవ్వా?"

"మూత జర లేస్తున్నది, పడుతున్నది. కండ్లు పెట్టి సూడు."

చూశాను. నిజమే. వెంట్రుకవాసి కదలిక. చూడకుండానే ఆకులో చిల్లు ఎక్కడుందో వేళ్లతో కనిపెట్టే మనిషి ఆమె.

మర్నాడు మధ్యాహ్నం తనే అడిగింది. "ఇయ్యి, ఒక్కసారి నేను సూస్త."

సిపాయి ఎగిరితే ఆమె భుజాలు కూడా ఎగిరేవి. రెండు మూడు రోజుల్లోనే మూడో గుహదాకా వచ్చింది. ఊపిరి పీలుస్తున్న పెట్టె ఎదురైతే దాని మీదుగా దూకి పోయింది.

"కొట్టవ్వా! కొడితే పాయింట్లొస్తయ్!" అని అరిచాను.

"ఎందుకే? దాని జాగల అది కూసున్నది. ఎవలన్న వస్తరని ఎన్నొద్దుల సంది సూస్తున్నదో. ఆకలైతున్నదేమో పాపం."

అప్పటిదాకా ఆ పెట్టె అంటే నాకు కోపమే ఉండేది. ఆ మాట విన్నాక దాన్ని కొట్టబుద్ధి కాలేదు.

అప్పటినుంచి మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. అన్నాలు తిన్నాక కాసేపు ఆమె ఆడేది, ఆమె చాట నా ఒళ్లోకి వచ్చేది. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి ముడిచి దారం కట్టేదాన్ని. నా బీడీలు ఆమె బీడీల్లో కలిసిపోయాయనుకున్నాను. వారం చివర కార్ఖానాలో బీడీలు చూసే అతను ఒక్కొక్కటీ వత్తి, దోసెడు పక్కన పడేశాడు. అవి తనవేనని చెప్పి, నాలుగు మాటలు పడి వచ్చింది అవ్వ.

"పైకి బీడీలే. వత్తితే తుస్సుమంటున్నయ్," అని పకపకా నవ్వింది. "నువ్వు, గా పెట్టె ఒక్కటే!" ఆ పూట ఆట మానేసి, తంబాకు ఎంత బిగించాలో నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి నేర్పింది.

ఒకరోజు బాపు, అంటే మా నాన్న, తను పనిచేసే పసుపు మార్కెట్ యార్డు నుంచి తొందరగా వచ్చాడు. నేను బీడీలు చుడుతున్నాను, అవ్వ గేమ్ ఆడుతోంది. ఆమె గబుక్కున రిమోట్ కింద పెట్టింది. బాపు గుమ్మంలోనే నిలబడి కాసేపు చూశాడు. చెప్పులు విడిచి వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు.

"ఏమున్నది దాంట్ల? నాకు గూడ సూపియ్యి."

ఆయన వేళ్లు తగిలి రిమోట్ బటన్లు పచ్చబడ్డాయి. కనిపించిన ప్రతి పెట్టె తెరిచి చచ్చిపోతున్నాడు.

"అన్ని ముట్టుకుంటవేందయ్యా! ఆగి సూడు!"

"పెట్టె అన్నంక తెరవాలె గద!"

ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. వాళ్లిద్దరూ అలా పక్కపక్కన కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

పిండికట్టు విప్పిన వారానికి అన్న తన గేమ్ కోసం వచ్చాడు. మాటల్లో తెలిసింది, తను కూడా మూడో గుహ ఎన్నడూ దాటలేదట.

"కూసో బిడ్డా," అని అవ్వ రిమోట్ అందుకుంది. ఏ పెట్టె ముట్టుకోవాలో, దేన్ని వదిలేయాలో చెబుతూ ఆడింది. ఆ రోజు కరెంటు పోలేదు. నాలుగో గుహ తెరుచుకుంది. తెర నిండా జలపాతం. మరుక్షణమే సిపాయి నీళ్లలో పడి చచ్చిపోయాడు.

"చిన్నమ్మా, దసరాకు మా ఇంటికి రా. ఇద్దరం కలిసి ఆడుదాం," అన్నాడు అన్న.

"సూద్దాం తియ్యి," అని ఆమె చాట దగ్గరికి జరిగింది.

దసరాకు నేనూ బాపూ వెళ్లాం. అవ్వకు పని తెమల్లేదు. నేను కూడా రమ్మని గట్టిగా అడగలేదు. అడగాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అక్కడ అన్నా నేనూ కలిసి ఆడి జలపాతం దాటాం. తిరిగొచ్చిన పూట కాళ్లు కడుక్కుంటుండగానే, జలపాతం అవతల ఏముందని అవ్వ అడిగింది. ఆకు కత్తిరించడం ఆపి ఆమె వింటుంటే, చూసినవన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పాను.