ఏ వైపూ పెట్టని కార్డు

మా పక్కింటి అంకుల్ పోయారన్న సంగతి మంగళవారం పొద్దున ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా తెలిసింది. వాళ్ల కోడలి దగ్గర్నుంచి ఒక్క లైను మెసేజ్. అది చదువుతుండగానే మీటింగ్‌లో నా వంతు వచ్చింది. నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేయబోతున్నానో గడగడా అప్పజెప్పేశాను. పనికి అడ్డం ఏమైనా ఉందా అని మేనేజర్ అడిగితే ఏమీ లేదన్నాను. తర్వాత మైక్ మ్యూట్ చేసుకుని, కెమెరా ఆపేసి, బల్ల మీద తల పెట్టి ఏడ్చాను.

అమెరికాలోని ఈ కమ్మింగ్ ఊళ్లో మా రెండిళ్ల మధ్య ఉన్నది జానెడు గడ్డి. కొడుకు దగ్గర ఉండటానికి వచ్చేనాటికే అంకుల్‌కి డెబ్భై దాటాయి, ఆంటీ లేరు. కోడలు నర్సు, శనివారాలు డ్యూటీ. కొడుకు శనివారాలు కూడా లాప్‌టాప్‌కి అతుక్కుపోయే రకం. అంకుల్‌కి కారు నడపడం రాదు. యుద్ధ విమానం ఇంజన్ విప్పి బిగించిన మనిషి, పాల డబ్బా కావాలంటే ఎవరి తీరికో చూసుకోవాలి. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. నేనే అనుకుని మండిపడేదాన్ని.

ఒక శనివారం ఆయన చెత్తడబ్బా తోసుకొస్తూ వాకిలి మధ్యలో ఆగిపోయారు. పైన ఎక్కడో గరగరమని ఏదో విమానం పోతోంది. ఒళ్లు బాగాలేదేమోనని నేను పరుగెత్తాను. ఆయన తల పైకెత్తలేదు, కళ్లు మూసుకుని వింటున్నారు.

"హార్వర్డ్ విమానం, అమ్మాయ్. నేను పని నేర్చుకున్నది దీని మీదే."

పాతికేళ్లు మన వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టర్‌గా చేశారని నాకు తెలిసింది అప్పుడే. పక్కింట్లో ఉంటూ రెండేళ్లలో ఒక్కనాడూ అడగలేదు. ఆ విమానం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఫోన్‌లో వెతికాను. నలభై నిమిషాల దూరంలో చిన్న రన్‌వే, పక్కన విమానాలు పెట్టే ఒక రేకుల హ్యాంగర్. రెండో ప్రపంచ యుద్ధం నాటి శిక్షణ విమానాలు రెండిటిని కొందరు స్వచ్ఛందంగా ఎగిరే స్థితిలో ఉంచుతున్నారు. వచ్చే వారం తీసుకెళ్తానంటే, ఆయన ఆ శనివారం పొద్దున ఆరింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని నా కారు పక్కన నిలబడ్డారు. నేనింకా పళ్లు కూడా తోముకోలేదు.

అక్కడి హ్యాంగర్ పెద్దాయన తెల్లవాడు, మాటలు తక్కువ. మొదటిరోజు అంకుల్ చేతికి ఒక పాత గుడ్డ ఇచ్చి, రెక్క తుడవమన్నాడు. నాకు కోపమొచ్చింది. అంకుల్ మాత్రం రెక్క మొత్తం తుడిచి, ఇంజన్ కింద ఆయిల్ చుక్క ఒకటి కనబడితే వేలితో తీసి, వాసన చూసి, ఏ పైపు నుంచి కారుతోందో చెప్పారు. పెద్దాయన వంగి చూశాడు. నిజమే. ఆ మరుసటి వారం నుంచి ఎగిరేముందు చూసుకోవాల్సినవాటి పట్టిక అంకుల్ చేతికి వచ్చింది. సంతకం పెట్టే లైసెన్స్ పెద్దాయనదే, ఈయనది చూసి చెప్పడం వరకే. కళ్లారా చూసినదాని పక్కన 'సీన్' అని రాసేవారు. చెయ్యి అందనిదో, కన్ను ఆననిదో ఉంటే 'నాట్ సీన్' అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టేవారు. "చూడనిదాన్ని చూశామని రాశామనుకో, పైన వాడి ప్రాణం మన పెన్నులో ఉంటుందమ్మా" అనేవారు. నేను టెస్ట్ చేయకుండా పంపిన కోడ్ గుర్తొచ్చి నోరు మూసుకునేదాన్ని.

ఆ హ్యాంగర్‌లో ఒక ఆచారం ఉంది. ఆ యుద్ధంలో కూలిపోయి, శత్రువులకు చిక్కి, క్యాంపుల నుంచి తప్పించుకోవడానికి ప్రయత్నించిన వైమానికుల పేర్లు కార్డుల మీద రాసి గోడనున్న బోర్డుకి గుచ్చారు. ఎడమవైపు ఇల్లు చేరినవాళ్లు, కుడివైపు చేరనివాళ్లు. ప్రతి శనివారం ఒక కార్డు తీసి, పైలట్ జేబులో పెట్టుకుని విమానం ఎక్కుతాడు. దిగాక మళ్లీ దాని చోట దాన్ని గుచ్చుతారు. పెద్దాయన వాళ్ల నాన్న కార్డు ఎడమవైపు ఉంది. సొరంగం తవ్విన మట్టిని ప్యాంటు కాళ్లలో దాచుకుని, నడుస్తూ నడుస్తూ జార్చేవారట. మూడోసారికి బయటపడి ఇల్లు చేరాడట. ఆ కథ విన్నరోజు అంకుల్ ఇంటి ముందు కారు ఆపాక దిగకుండా కూర్చుని, తన పైలట్ సంగతి చెప్పారు.

డెబ్భై ఒకటి యుద్ధం. అంకుల్‌కి ఇరవై రెండేళ్లు. విమానం బాగుందని పుస్తకంలో సంతకం పెట్టి, చక్రాల కింది దిమ్మలు లాగింది ఆయనే. ఆ పైలట్ సార్ బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్లారు. తిరిగి రాలేదు. కూలిపోయి ఖైదీగా చిక్కారని తర్వాత కబురు. యుద్ధం అయ్యాక ఖైదీలందరినీ అప్పగించినప్పుడు వాళ్లలో ఆయన లేరు. క్యాంపు గోడకి కన్నం పెట్టుకుని బయటపడ్డారని, ఆపైన ఏమయ్యారో తెలియదని తిరిగొచ్చిన ఒకాయన చెప్పాడట. అంతే. శత్రువు కాల్చితే కూలిందా, ఇంజన్ ఆగి కూలిందా అన్నది కూడా ఎవరూ చెప్పలేదు.

"ఇంజన్ నాది కదమ్మా" అన్నారు. యాభై ఏళ్లకు పైగా ఆ మాట మోసుకు తిరిగారు.

హ్యాంగర్ పెద్దాయనకి ఈ సంగతి నేనే చెప్పాను. ఆయన ఒక ఖాళీ కార్డు తెచ్చి అంకుల్‌కి ఇచ్చాడు, దేశం ఏదైతేనేం, రాసి పెట్టుకోండి అన్నాడు. అంకుల్ పైలట్ పేరు పెద్ద అక్షరాల్లో చక్కగా రాశారు. బోర్డు ముందుకు వెళ్లి నిలబడ్డారు. ఎడమవైపు చూశారు, కుడివైపు చూశారు. చాలాసేపటికి కార్డు చొక్కా జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశారు.

మీలో నాలాంటివాళ్లు ఉండే ఉంటారు. తెలియనిది ఏదైనా వెతికితే దొరికి తీరుతుందని మనకో పొగరు. పది నిమిషాల పని అంకుల్ అన్నాను. పది నెలలు పట్టుకున్నాను. ఆఫీసులకు రాశాను, పాత సైనికుల గ్రూపుల్లో అడిగాను, ఎవరెవరికో ఫోన్లు చేశాను. అందరూ మర్యాదగానే లేదన్నారు. మొదట్లో ప్రతి శనివారం కారెక్కగానే ఏమైనా తెలిసిందా అని అడిగేవారు. తర్వాత అడగడం మానేశారు. అడిగినప్పటికంటే మానేశాక నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

ఇంకో అలవాటు చెప్పాలి. గాల్లోకి లేచిన విమానం దిగేదాకా అంకుల్ అక్కణ్ణుంచి కదిలేవారు కాదు. మా అమ్మాయిని డ్యాన్స్ క్లాసు నుంచి తీసుకురావాలి, టైమ్ అయిపోతోందని ఎన్నిసార్లు విసుక్కున్నానో. "చక్రాలు నేలకి ఆనితే వెళ్దాం" అనేవారు. ఆ మాట అని మళ్లీ ఆకాశంకేసి తిరిగేవారు.

పోయిన చలికాలంలో ఆయన గుండె మొండికేసింది. చేయగలిగింది పెద్దగా లేదని డాక్టర్లు చెప్పేశారు. నేను హాస్పిటల్‌కి వెళ్లినరోజు ముఖమంతా పీక్కుపోయి ఉంది. చెయ్యి కార్డు కోసం జేబు దగ్గర వెతుక్కుంటోంది, హాస్పిటల్ గౌనుకి జేబెక్కడిది? నాకు ఏం చెయ్యాలో తోచలేదు. తోచక, నోటికొచ్చింది అనేశాను.

"అంకుల్, తెలిసింది. పైలట్ సార్ ఇల్లు చేరారట."

ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి. "ఇంజన్ సంగతి?"

"కాల్చారట. ఇంజన్ చివరిదాకా నడిచిందట."

ఆయన నా చెయ్యి మెల్లగా రెండుసార్లు తట్టారు. మంచిదమ్మా అన్నారు. నీళ్లు అడిగి తాగారు. కారు దగ్గరకొచ్చాక, మంచి పని చేశానని నన్ను నేను నమ్మించుకున్నాను. సిగ్గుగానూ ఉంది.

తర్వాత పది రోజులకే ఆ మెసేజ్.

పదకొండో రోజు కార్యం అయ్యాక కోడలు ఒక కవరు నా చేతిలో పెట్టింది. మీరు వచ్చి వెళ్లిన సాయంత్రం మావయ్యగారు ఆ కార్డూ పెన్నూ అడిగారక్కా, రాయడానికి చాలాసేపు పట్టింది, మీకిమ్మన్నారు అంది. పైన పైలట్ పేరు, ఆ పాత చక్కటి అక్షరాల్లో. కింద కొత్తగా, గీతలు వంకర్లుపోయి, రెండే మాటలు. నాట్ సీన్. పక్కన పొట్టి సంతకం.

ఆయన నమ్మలేదు. నేను అబద్ధం చెబుతున్నానని తెలిసి కూడా, పాపం ఈ పిల్ల ఏం చేస్తుందిలే అని నా చెయ్యి తట్టారు. నేను ఆయన్ని ఓదార్చడానికి వెళ్తే, జరిగింది అది. ఈ సంగతి ఆయనకు చెప్పి క్షమించమనడానికి ఇప్పుడు ఆయన లేరు.

మొన్న శనివారం కార్డు తీసుకుని ఒక్కదాన్నే వెళ్లాను. హ్యాంగర్ పెద్దాయన దాన్ని చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఏ వైపు పెట్టమంటావని అడిగాడు. తెలియదన్నాను. ఆయన బోర్డు దగ్గరకు వెళ్లలేదు. నేరుగా విమానం ఎక్కి, వెనక సీటు పక్కనున్న గుడ్డ సంచిలో కార్డు పెట్టాడు. దిగి వచ్చి, దాని చోటు ఇక అదేనన్నాడు.

విమానం లేచింది. చెట్ల మీదుగా తిరిగి, చిన్నదైపోయి, మబ్బులోకి వెళ్లింది. ఫోన్ మోగింది, డ్యాన్స్ క్లాసు అయిపోయిందని మా అమ్మాయి. వస్తున్నానన్నాను. కారు తలుపు తెరిచి పట్టుకుని అక్కడే నిలబడ్డాను, చక్రాలు నేలకి ఆనేదాకా.