బావగారి గొంతుతో అరిచిన యంత్రం

మా బావగారికి మెల్లగా మాట్లాడటం రాదు. ఏలూరులో మా ఇంటికొచ్చి కాఫీ బాగుందని మెచ్చుకున్నా, పక్క వాటావాళ్ళు గొడవేమోనని తలుపు తీసి చూసేవారు. కొల్లేరు పక్క ఊళ్ళో ఆయనకి చేపల చెరువుంది. శీలావతి, బొచ్చె వేస్తారు.

ఆ ఏడు చెరువు మీద గూడబాతులు విపరీతంగా దిగాయి. గుంపుగా తేలుతూ, సంచిలాంటి ముక్కు నీళ్ళలో ముంచి, చేపల్ని తోడుకుని మింగేసేవి. వాటి మీద చెయ్యేస్తే కేసవుతుంది. అందుకని బావగారు గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ, "ఎవడ్రా అక్కడ? లే పైకి!" అని అరిచేవారు. అవి లేచి, ఓ చుట్టు తిరిగి, ఆయన రొప్పు తీరేలోపు మళ్ళీ అక్కడే వాలేవి.

"మీ కాలేజీ నిండా ఇంజనీర్లే కదోయ్! ఒక్కళ్ళకీ ఉపాయం తట్టదా?" అన్నారు నాతో.

నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మా కాలేజీలోనే ఎలక్ట్రానిక్స్ మేడమ్ ఒకావిడ శబ్దాల మీద పనిచేస్తుంటే వెళ్ళి అడిగాను. ఆవిడ అరచేతిలో పెసరగింజంత ముక్కలు పోసి చూపించారు.

"ఇవి మైకులండీ. చెరువు నాలుగు మూలలా పెడదాం. చప్పుడు దగ్గరున్న మైకుకి ముందు చేరుతుంది, దూరంగా ఉన్నదానికి ఆ వెనక. ఆ తేడాని బట్టి చప్పుడు ఎక్కడిదో యంత్రం లెక్కగడుతుంది. స్పీకరు అటు తిరిగి అరుస్తుంది. పక్షి ఎగిరిపోతుంది."

నాకు వినగానే నచ్చేసింది. బావగారికి ఇంకా నచ్చింది. ఊరందరికీ చెప్పేశారు.

గట్టు మూలల్లో గుంజలు పాతి, ఒక్కోదానికి చిన్న రేకు టోపీ పెట్టి, దాని కింద మైకు బిగించారు మేడమ్. షెడ్డు పక్కన ఎత్తైన గుంజ మీద, మోటారుతో తిరిగే స్పీకరు పెట్టారు. దాన్లోంచి ఏ అరుపు రావాలన్న చర్చ వచ్చింది. నేను టపాకాయ అన్నాను. మేడమ్ కుక్క అన్నారు.

"అవేవీ వద్దండీ. వాటికి నా గొంతంటేనే హడల్," అన్నారు బావగారు. ఆయన చేతే రెండు మూడు రకాలుగా అరిపించి రికార్డు చేశాం. యంత్రం తన అరుపు విని తనే తిరగకుండా, అరుస్తున్నంతసేపూ చెవులు మూసుకునేలా మేడమ్ ఏర్పాటు చేశారు.

మర్నాడు పొద్దున్న స్విచ్ వేశాం. బావగారు సంతోషం పట్టలేక, "భేషుగ్గా ఉందండీ మేడమ్!" అన్నారు.

స్పీకరు గిర్రున ఆయన వైపు తిరిగింది. "ఎవడ్రా అక్కడ? లే పైకి!"

బావగారు బిత్తరపోయి, "నేనేరా!" అన్నారు.

"ఎవడ్రా అక్కడ?"

"నా చెరువు మీద నన్నే అడుగుతావేంట్రా?"

"లే పైకి!"

మేత బస్తాలు మోస్తున్నవాళ్ళు బస్తాలు దించి వచ్చి నిలబడ్డారు. ఆపేద్దామని నేను స్విచ్ దగ్గరికి పోతే, బావగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆఖరి మాట తనది కావాలి. అదెలా వస్తుంది? ఆయన మాట్లాడితేనే కదా అది అరిచేది! ఈ గొడవ జరుగుతున్నంతసేపూ గూడబాతులు స్పీకరు కిందే నిశ్శబ్దంగా మేస్తున్నాయి. మేడమ్ వాటిని చాలాసేపు చూసి, పక్షుల సంగతి తెలిసిన స్నేహితురాలికి ఫోన్ చేశారు.

"ఇవి మేసేటప్పుడు అరవవటండీ," అన్నారు మొహం చిన్నబుచ్చుకుని. "చప్పుడు చెయ్యనిదాన్ని ఇది కనిపెట్టలేదు."

తీసేస్తామంటే బావగారు ఒప్పుకోలేదు. ఊళ్ళో అంత చెప్పుకున్నాక ఎలా తీసేస్తారు? దాంతో సర్దుకుపోవడం నేర్చుకున్నారు. గొంతు బాగా తగ్గిస్తే దానికి వినపడదని కనిపెట్టి, పెళ్ళయ్యాక మా అక్కయ్య కూడా ఎరగని గొంతుతో గుసగుసలాడటం మొదలుపెట్టారు.

చేపలు కొనే వ్యాపారి ఏలూరు నుంచి వచ్చాడు. బావగారు ఆయన చెవిలో రేటు చెప్పారు. వ్యాపారి అటూ ఇటూ చూసి, తనూ చెవిలోనే బేరమాడి, "ఎవరన్నా వింటున్నారా అండీ?" అన్నాడు.

బావగారు గుంజకేసి చూపించి, "అదిగో, అదే," అన్నారు.

సాయంత్రానికల్లా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకటే మాట: చెరువుల ఆక్రమణల మీద ఎంక్వైరీ వస్తోంది, గట్ల మీద మైకులు పెట్టి మాటలు పట్టుకుంటున్నారు. మనుషులు టీ కొట్ల దగ్గర కూడా గుసగుసలే.

రెండ్రోజులకి పక్క చెరువాయన వచ్చాడు. మధ్య గట్టు బాగుచేసినప్పుడల్లా కాస్త కాస్త మా బావగారి వైపు జరిపేవాడాయన. బావగారు ఏళ్ళ తరబడి అరిచినా ఆయనకి వినపడలేదు. ఇప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడుస్తూ వచ్చాడు.

"మన గట్టు సంగతి కూడా అందులో ఎక్కిందాండీ?"

బావగారికి ఆయనేమడుగుతున్నాడో అర్థం కాలేదు. గట్టిగా "ఏంటీ?" అంటే యంత్రం అరుస్తుందని, ఊరికే తలూపారు. ఆ వారంలోనే పక్క చెరువాయన పిలిపించిన ప్రొక్లెయినర్ వచ్చి, స్పీకరు ఎంత అరుస్తున్నా ఆగకుండా, గట్టుని పాత చోటికి జరిపింది. బావగారు కుర్చీ వేసుకుని చూశారు. సంతోషంతో కేక పెట్టాలనుందని నా చెవిలో చెప్పారు.

అంతా సవ్యంగా జరిగిపోతుండగా, ఒకరోజు మా అక్కయ్య క్యారియర్ పట్టుకుని వచ్చి, "ఏవండీ, భోజనం!" అని పిలిచింది.

"ఎవడ్రా అక్కడ? లే పైకి!" అంది స్పీకరు, అచ్చం మొగుడి గొంతుతో.

అక్కయ్య క్యారియర్ కింద పెట్టింది. "ఇది మనుషుల్తో మాట్లాడే పద్ధతేనా?" అని మేడమ్‌ని మళ్ళీ రప్పించింది. బావగారి అరుపు తీయించి, తన గొంతు పెట్టించింది: "ఏవండీ, ఎవరండీ అక్కడ? కాస్త పక్కకి జరుగుతారా?"

ఆ తర్వాత చెరువు దగ్గర పద్ధతే మారిపోయింది. లారీ డ్రైవరు హారను కొడితే స్పీకరు ఎవరండీ అని అడిగేది, అతను దిగి, "మేతండీ, దించేసి వెళ్ళిపోతానండీ," అని స్పీకరుకేసి చేతులు కట్టుకుని చెప్పేవాడు.

చేపలు పట్టిన రోజు వలలవాళ్ళు, ఐసు లారీలు, కాకులు, ఇంజన్లు అన్నీ ఒక్కసారే అందుకున్నాయి. స్పీకరు ఏ ఒక్కరినీ వదలకుండా అటు తిరిగి, ఇటు తిరిగి అడిగింది. మోకాల్లోతు నీళ్ళలోంచి "నేనేనండీ", "నేనండీ" అని జవాబులు. ఎండెక్కేసరికి మోటారు కాలి పొగొచ్చి, "ఏవండీ" దగ్గర ఆగిపోయింది.

బావగారే గుంజెక్కి దాన్ని దింపారు. తువ్వాల్లో చుట్టి, కారు ముందు సీట్లో పెట్టి, నన్ను వెనక సీట్లోకి పంపించి, తాడేపల్లిగూడెం దాకా నెమ్మదిగా నడుపుకొచ్చి మేడమ్ చేతికిచ్చారు.

"జాగ్రత్తగా విప్పండి," అన్నారు. "అందులో మా ఆవిడుంది."